ఏడో బ్లాకులో పోటు

నల్లమడుగు ఆనకట్టకు ఎక్కడైనా దెబ్బ తగిలితే మా అమ్మ ఎడమచెయ్యి నొప్పి పెట్టేది. ఇది కవిత్వం కాదు. కవిత్వమనుకుని మురిసిపోయి అమ్మను నదికి ఆడపడుచు అనీ, ఆనకట్టకు కన్నతల్లి అనీ పత్రికల్లో రాసినవాళ్ళందరి మీదా నాకు ఒళ్ళు మంట. ఆ కాంక్రీటులో ఉన్నవి అమ్మ నరాలు. నిజం నరాలు. వాటిని అక్కడ పెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందో వాళ్ళలో ఒక్కరూ రాయలేదు. అందుకని నేను చెబుతున్నాను.

అమ్మ పేరు పెనుమర్తి విశాలాక్షి. ప్రాజెక్టుల శాఖలో చేరిన మొదటి ఆడ ఇంజనీరు. నల్లమడుగులో పునాదులు తవ్వుతున్నప్పుడు ఉద్యోగానికి వచ్చింది. సైటులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. కట్టించమని అడిగితే, ఒక్క మనిషి కోసం ఎస్టిమేటు వెయ్యడం కుదరదన్నారు. ఆనకట్టకు ఎస్టిమేటు వెయ్యగలిగినవాళ్ళు ఆ మాట అన్నారు. పొద్దున ఇంట్లో తాగిన మంచినీళ్ళే అమ్మకు సాయంత్రం దాకా ఆధారం.

అదే రోజు అదే హోదాలో చేరిన ఇంకో మనిషి చలపతి. ఆయనకు ఆనకట్ట పని ఇచ్చారు. అమ్మను సిమెంటు పరీక్షించే ల్యాబులో కూర్చోబెట్టారు. కారణం అడిగితే గ్యాలరీ అన్నారు. ఆనకట్ట పొట్టలో ఈ చివర నుంచి ఆ చివరికి మనిషి నడిచేటంత దారి ఒకటి ఉంటుంది. దాన్నే గ్యాలరీ అంటారు. గోడలు చెమ్మగిల్లాయా, ఎక్కడైనా పగులు పడిందా అని చూసేది అందులోంచే. పునాది రోజున కొండదేవరకు మేకను కోశారట. ఆడకాలు పడితే ఆ దేవర ఒప్పుకోదట. మరి తట్టల్లో కాంక్రీటు నెత్తిన పెట్టుకుని అదే పునాదిలోకి దిగుతున్న కూలీ ఆడవాళ్ళ సంగతేమిటని అమ్మ అడిగింది. తట్ట మోసే ఆడకాలు కొండకు పనికొస్తుంది, టార్చిలైటు పట్టుకున్న ఆడకాలు పనికిరాదు. దేవరకు అంత తేడా తెలుసునని నేననుకోను. ఆ తేడా తెలిసింది ఆఫీసు వాళ్ళకే.

నన్ను లోపలికి పోనివ్వకపోతే నా చేతినైనా పంపిస్తాననుకుంది అమ్మ.

ముంజేతి మీద చిన్న చర్మం ముక్క కోయించుకుని, దాంట్లోంచి నరాన్ని పెంచింది. ఏడాదిన్నర పాటు గాజు పళ్ళెంలో, ఉప్పునీళ్ళలో, వెంట్రుకంత సన్నటి తీగ చుట్టూ అది అల్లుకుంది. దాన్ని సిమెంటు దిమ్మలో పెట్టి పోతపోసింది. నరం చివరనున్న చిన్న పెట్టె సంకేతాలు పంపుతుంది. వాటిని అందుకోవడానికి ఎడమ ముంజేతిలో చర్మం కింద ఒక బిళ్ళ పెట్టించుకుంది. ఇంత అవస్థ దేనికి, ముల్లు తిరిగే మీటరు పెట్టుకోవచ్చుగా అన్నారు అందరూ. మీటరు ఎంత అనేది చెబుతుంది గాని ఎలాంటిది అనేది చెప్పదు అంది అమ్మ.

దిమ్మను నొక్కి పగలగొట్టే యంత్రం ల్యాబులో ఉండేది. పరీక్ష రోజున దాని చక్రం తిప్పింది చలపతి. తమాషా చూద్దామని వచ్చాడు. బరువు పెరిగేకొద్దీ అమ్మ కళ్ళు మూసుకుని చెబుతూనే ఉంది. ముందు తీపు అంది. తరువాత సలుపు అంది. చివరికి చెయ్యి పట్టుకుని కూలబడిపోయి "పోటు, పోటు, ఆపండి" అని అరిచింది. ఆయన ఆపాడు. దిమ్మ పైకి చెక్కుచెదరకుండా ఉంది. పగలగొట్టి చూస్తే లోపల అడ్డంగా పగులు. అంటే కంటికి కనిపించని పగులు అమ్మ చేతికి కనిపించింది. పోటు అంటే ఏమిటో చలపతికి ఆ రోజే తెలుసు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆ తరువాత పోసిన ప్రతి బ్లాకులోనూ అమ్మ నరం వేశారు. అప్పటికి అమ్మకు పెళ్ళయింది. నాన్న దక్షిణామూర్తి ప్రాజెక్టు కాలనీ హైస్కూల్లో తెలుగు మాస్టారు. అన్నాల దగ్గర వాళ్ళిద్దరి మాటలూ వింటూ పెరిగాను. అమ్మ తింటూ తింటూ ఆగిపోయేది. ఎక్కడ, ఎలా ఉంది అని నాన్న అడిగేవాడు. చీమలు పాకినట్టుందా, లోపల ఎవరో గుంజినట్టుందా, కురుపు పక్వానికొచ్చినట్టుందా అని ఒక్కొక్కటీ ఆరా తీసి మాట తేల్చేవాడు. చిమచిమ అంటే ఆ బ్లాకులోకి నీరు ఊరుతోందని అర్థం. తీపు అంటే నీటి బరువు మామూలుగానే మోస్తోందని. సలుపు అంటే లోపల ఎక్కడో చెడుతోంది, ముదరక ముందే చూసుకోమని. పోటు అంటే పగులు ఇప్పుడే, ఈ క్షణంలోనే, విచ్చుకుంటోందని.

అమ్మ మొదటిసారి నాలుగో బ్లాకులో చిమచిమ అన్నప్పుడు చలపతి టార్చి పట్టుకుని గ్యాలరీలోకి వెళ్ళి చూశాడు. గోడ నిజంగానే చెమర్చి ఉంది. ఆ ఒక్క చూపుతో ఆయన దశ తిరిగింది. ఢిల్లీ వెళ్ళి ఉపన్యాసం ఇచ్చాడు, శాలువా కప్పించుకున్నాడు, దానికి చలపతి పద్ధతి అని పేరు పెట్టించుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు, ఇక్కడ సొమ్ము కాదు, ఒంట్లో నరం. ఆయన మెట్టు మీద మెట్టెక్కి చీఫ్ ఇంజనీరయ్యాడు. అమ్మ ఆ ల్యాబులోనే ఉండిపోయింది. నాన్నకు కోపమొచ్చేది. అమ్మ మాత్రం, ఆనకట్ట నిలబడింది కదా, ఎవరి పేరైతే ఏమిటి అనేది. నాకు ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

పద్ధతి ఆయనదే అయినా నొప్పి మాత్రం అమ్మదే. జలాశయం నిండితే చెయ్యంతా తీపులు. వానాకాలం మొదలుకొని సంక్రాంతి దాటేదాకా అమ్మకు ఎడమవైపు ఎవరం పడుకునేవాళ్ళం కాదు. నీళ్ళు అడుగంటిన ఎండాకాలంలోనే నాకు రెండు చేతులతో జడ వేసేది. మిగతా రోజుల్లో నాన్న వేసిన వంకర జడతో బడికి వెళ్ళేదాన్ని. పొలాలకు నీళ్ళు వదిలారని ఊరంతా సంబరపడుతుంటే నేను ఆ నీళ్ళను తిట్టుకునేదాన్ని. బిళ్ళ తీసెయ్యమని డాక్టర్లను అడిగాం. నరం నరంతో కలిసిపోయింది, మోచేతి దాకా తీసెయ్యాలి అన్నారు. తీయిస్తే మాత్రం ఆనకట్ట సంగతి ఎవరు చూస్తారని అమ్మే వద్దంది.

అమ్మ రిటైరవడానికి రెండేళ్ళ ముందు పైవాళ్ళు కొత్త ఏర్పాటు చేశారు. ఆనకట్టల వివరాలన్నీ రాజధానిలోని కంప్యూటరుకు వెళ్ళాలి. దానికి తెలుగు రాదు. అమ్మ ఫోనులో చెప్పిన మాటను కంట్రోల్ రూములో మీట నొక్కి ఇంగ్లీషులోకి మార్చి పంపాలి. ఆ మార్పిడి చేసిపెట్టిన మహానుభావుడెవరో నిఘంటువు ముందు పెట్టుకుని పని కానిచ్చినట్టున్నాడు. మొదటి వారమే నాలుగో బ్లాకు 'స్వీట్‌'గా ఉందని రాజధానికి కబురు వెళ్ళింది. తీపు అంటే తీయదనమే కదా మరి. నాన్న ఆ రోజంతా కడుపుబ్బ నవ్వాడు. నాలుగో బ్లాకు పాయసం బాగా కుదిరిందటే అని నన్ను ఆటపట్టించాడు. సలుపు 'మైల్డ్ పెయిన్' అయింది. పోటు 'సర్జ్' అయింది. సర్జ్ అంటే నీటి పోటు, వరద పొంగు. ఏరు పోటెత్తింది అంటాం కదా, ఆ పోటు.

అది విని నాన్న నవ్వు ఆగిపోయింది. ఒక బ్లాకు దగ్గర నీరు పొంగితే ఆ బ్లాకు మీది గేట్లు ఎత్తెయ్యాలి. బ్లాకు పగులుతుంటే ఆ గేట్లు దించేసి, నీటిని వేరే గేట్ల గుండా పంపాలి. ఒకే మాటకు రెండు అర్థాలు, రెండింటికీ పూర్తిగా తలకిందులు పనులు. అమ్మ చలపతి దగ్గరికి రెండుసార్లు వెళ్ళి ఇది మార్చమని అడిగింది. చూద్దాం విశాలాక్షి గారూ అన్నాడట. ఆయన అన్నీ అలాగే చూసేవాడు.

ఏడో బ్లాకు రెండు వానాకాలాలుగా సలుపుతోంది. అమ్మ చెబుతూనే ఉంది, అది మైల్డ్ పెయిన్‌గా రాజధానికి వెళుతూనే ఉంది. చివరికి పైనుంచి ఎవరో అడిగితే, మరమ్మతు పూర్తయింది, బ్లాకు దిట్టంగా ఉంది అని చలపతి సంతకం పెట్టాడు. పూసింది మాత్రం పైపూతే.

ఆ ఏడు భాద్రపదంలో కనుమల్లో వాన విడవకుండా కురిసింది. నేను కాలనీ బడిలో లెక్కలు చెబుతున్నాను. ఆ రోజు బడికీ, ల్యాబుకూ సెలవిచ్చారు. మధ్యాహ్నం అమ్మ కూర తరుగుతోంది. కత్తిపీట మీద వంకాయ అలాగే వదిలేసి చెయ్యి గుండెకు హత్తుకుంది. ముఖం పాలిపోయింది. ఏడో బ్లాకులో పోటు అంది. నేనే ఫోను అందించాను. కంట్రోల్ రూములో ఆపరేటరు బంగారయ్య ఎత్తాడు. అమ్మ ఆ మాటే చెప్పింది. గేట్లు దించమనేలోపే రాసుకున్నామండీ అని ఫోను పెట్టేశాడు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే ఏడో బ్లాకు మీది గేట్లు పైకి లేస్తున్నాయి. నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. అమ్మ మళ్ళీ ఫోను చేసింది. లైను కలవలేదు.

నాన్న స్కూటరు తాళం తీసుకున్నాడు. కంట్రోల్ రూము అవతలి గట్టున ఉంది. ఆనకట్ట మీది రోడ్డు గుండానే వెళ్ళాలి. ఆ రోడ్డు మీద వద్దని అమ్మ అడ్డం పడింది. నాన్న రెయిన్‌కోటు తగిలించుకుంటూ నవ్వాడు.

"ఒక్క మాటకు అర్థం చెప్పి రావడానికి ఎంతసేపు విశాలా. నా పనే అది కదా" అన్నాడు.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. వానలో స్కూటరు వెనక ఎర్రలైటు కొంత దూరం కనిపించింది.

అమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. పోటు ఒకదాని వెంట ఒకటి వస్తోంది. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దంది. చాలాసేపటి తరువాత ఒళ్ళంతా ఒక్కసారి విదిలించినట్టయింది. విరిగింది అంది. ఏడో బ్లాకు విరిగినట్టు ఆ చేతికి తెలిసింది. దాని మీద అప్పుడు ఎవరున్నారో చేతికి తెలియదు.

దిగువన రెండు ఊళ్ళు మునిగాయి. జనం గుట్టలెక్కి చాలామంది బతికారు. గేట్లు ఎత్తీ దించే లస్కర్లు ఇద్దరూ, మా నాన్నా బతకలేదు.

పదోరోజున బంగారయ్య మా ఇంటికి వచ్చాడు. వసారాలో చతికిలబడి ఏడ్చాడు. నాన్న కంట్రోల్ రూముకు చేరాడట. చీఫ్ ఎదురుగా నిలబడి మరీ చెప్పాడట.

"'చలపతి గారూ, ఆవిడ చెప్పింది ఏటి పోటు కాదండీ, పంటి పోటు. గేట్లు దించెయ్యండి' అన్నారమ్మా మాస్టారు. అయ్యగారేమో, ఇది మీ తెలుగు క్లాసు కాదు, ఇంటికెళ్ళండి మాస్టారూ అన్నారు. మాస్టారు ఇంకో రెండుసార్లు చెప్పి, ఇక్కడ మీరు వినకపోతే గేట్ల దగ్గర లస్కర్లకే చెబుతానని బయటికెళ్ళారు."

అదే మాట విచారణలో చెప్పమన్నాను. పిల్లలున్నారమ్మా, చెప్పలేను అన్నాడు. ఆయన మీద కూడా నాకు కోపమే. అయితే ఆ కోపం చలపతి మీది కోపం దగ్గర కూర్చోబెడితే చిన్నది. చలపతి ఏం చేశాడో ఇప్పుడు తేటగా తెలిసింది. గేట్లు దించితే ఏడో బ్లాకు పగులుతోందని ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే తాను పెట్టిన సంతకం అబద్ధమైనట్టు. రాజధానికి సర్జ్ అని ఎలాగూ వెళ్ళింది. దాని చాటున దాక్కుందామనుకున్నాడు.

విచారణకు ఒక విశ్రాంత న్యాయమూర్తిని వేశారు. అది మొదలయ్యేసరికి ఏడాది తిరిగి మళ్ళీ వానలొచ్చాయి. ఏడో బ్లాకుకు అడ్డుకట్ట కట్టి, మిగతా ఆనకట్టతోనే నీళ్ళు నిలుపుతున్నారు. చలపతి ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. ప్రాజెక్టు గెస్ట్‌హౌసు హాల్లో విచారణ. కిటికీలోంచి ఆనకట్ట కనిపిస్తుంది. పత్రికలవాళ్ళు, ఇంజనీర్లు, మునిగిన ఊళ్ళవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు.

చలపతి నిలబడి చక్కగా చెప్పాడు. తమకు వచ్చిన మాట సర్జ్. సర్జ్ వస్తే ఆ బ్లాకు గేట్లు ఎత్తాలని నిబంధన. ఎత్తాం. మాస్టారు కంట్రోల్ రూముకు రానే లేదు, పాపం దారిలోనే పోయారు. ఆ తరువాత కొంచెం గొంతు తగ్గించి, విశాలాక్షి గారంటే నాకెంతో గౌరవం, కాని సార్, తెలుగులో మాత్రం పోటు అంటే ఏమిటి, వరద పోటే కదా, ఆవిడ స్పష్టమైన మాట వాడి ఉంటే ఇంత జరిగేది కాదు అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత వీళ్ళ శాఖలోనే పుట్టి ఉంటుంది. న్యాయమూర్తి తలాడించాడు. పోటుకు ఇంకే అర్థమూ మీకు తెలియదా అని అడిగితే, నా సర్వీసులో ఎన్నడూ వినలేదు సార్ అన్నాడు. బంగారయ్యను పిలిచారు. మాస్టారిని చూడలేదన్నాడు నేల చూస్తూ. మా నాన్న చెప్పిన మాటను, చివరికి ఆయన చేరిన చోటును కూడా తుడిచేస్తున్నారు.

అమ్మను పిలిచారు. తెల్లచీరలో, ఎడమచెయ్యి కుడిచేత్తో పట్టుకుని వెళ్ళి నిలబడింది. న్యాయమూర్తి పోటు అంటే మీ ఉద్దేశమేమిటో చెప్పండమ్మా అన్నాడు. అమ్మ నోరు తెరిచింది. అంతలోనే ముఖం మారిపోయింది. బల్ల అంచు పట్టుకుంది. కిటికీ వైపు చూస్తూ చాలా నెమ్మదిగా అంది.

"తొమ్మిదో బ్లాకులో పోటు."

చలపతి కుర్చీ వెనక్కి పడిపోయింది. గోడకున్న ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

"కంట్రోల్ రూమా? తొమ్మిదో బ్లాకు గేట్లు దించెయ్యండి. ఉన్నపళంగా. ఎడమగట్టు గేట్లు ఎత్తి అటు వదలండి. అడక్కండి, దించండి ముందు."

వెనక వరసల్లో జనం లేచి తలుపు వైపు తోసుకుంటున్నారు. న్యాయమూర్తి మాత్రం కదల్లేదు. ఆయన చలపతినే చూస్తున్నాడు.

"దించమంటున్నారేమిటండీ? పోటు వస్తే ఎత్తాలని కదా ఇప్పుడే చెప్పారు?"

చలపతి ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాడు. అవతల ఎవరో హలో హలో అంటున్నది మాకందరికీ వినిపిస్తోంది. అమ్మ బల్ల అంచు వదిలింది.

"ఆయన్ని ఏమీ దించొద్దనండి. తొమ్మిదో బ్లాకు బాగానే ఉంది. నా చేతిలో ఇప్పుడున్నది తీపే, పోటు కాదు" అంది. తరువాత చలపతి వైపు తిరిగింది. "మాస్టారు మీకు అర్థం చెప్పే వెళ్ళారు చలపతి గారూ. మీకు బాగానే వచ్చింది."

ఆయన ఫోను పెట్టెయ్యడం కూడా మరిచిపోయాడు. వెనక నుంచి బంగారయ్య లేచి, మాస్టారు వచ్చారండీ, నా కళ్ళ ముందే చెప్పారండీ అని బావురుమన్నాడు. ఏడాది తరువాత ఆయనకూ గొంతు వచ్చింది. టైపు చేస్తున్న స్టెనోగ్రాఫరు న్యాయమూర్తి వైపు వంగి, ఆ మాటకు ఇంగ్లీషులో ఏం వెయ్యమంటారండీ అని అడిగాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమీ వెయ్యొద్దు. పోటు అనే రాయి."

బయటికొస్తుంటే పత్రికలవాళ్ళు చుట్టుముట్టారు. ఎంత తెలివమ్మా, ఎంత సమయస్ఫూర్తి అంటున్నారు. మునిగిన ఊరి ముసలమ్మ ఒకామె అమ్మ గడ్డం పుణికింది. నాకు కూడా గెలిచామన్న ఉత్సాహంగా ఉంది. ఆటోలో అమ్మ పక్కన, కుడివైపు కూర్చుని, భలే చేశావే అమ్మా అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. నాన్న పోయినప్పుడు కూడా నా ఎదుట ఏడవని మనిషి, ఇప్పుడు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఉంది. అవి దుఃఖపు నీళ్ళనుకుని భుజం మీద చెయ్యి వేశాను. ఆ భుజం కోపంతో వణుకుతోంది.

"ముప్ఫై ఏళ్ళు నిజం చెప్పానే. ఒక్కడు కుర్చీలోంచి లేవలేదు. ఇవాళ ఒక్క అబద్ధం చెప్పాను, పరుగెత్తాడు" అంది.